పాత యాదులు కొంటాం

పేలుడు జరిగితే అందరికీ తెలుస్తుంది. 2025 జూన్ 30 పొద్దున పాశమైలారంలో ఒక మందుల ఫ్యాక్టరీ పేలి నలభై మందికి పైగా కార్మికుల ప్రాణాలు పోయాయి. పెద్దలు వచ్చారు, విచారణ కమిటీ పడింది, దేశమంతా మా పారిశ్రామికవాడ పేరు విన్నది. వినాల్సిందే. ఆ కుటుంబాల దుఃఖం ఇంకా పచ్చిగానే ఉంది. ఇవాళ నేను రాస్తున్నది మాత్రం చప్పుడు చేయని ప్రమాదం గురించి. అది రోజుకింత చొప్పున పిల్లల మెదళ్ళలోకి దిగుతోంది. సైరన్ మోగదు, ఎవరూ పరుగెత్తరు. దాన్ని జనానికి వినిపించాలంటే ఆకాశవాణి ఒక సైన్స్ ఫిక్షన్ నాటకం వేయాలి, అది మా ప్రాంతపు మాటలో, మా ప్రాంతపు కథతో ఉండాలి అని నా విన్నపం. ఆరోగ్యం సంగతికి నాటకమేమిటని అడిగేవాళ్ళుంటారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

నేను పటాన్‌చెరు మండలంలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. ఉండేది భానూరులో. మా ఊరంటే బయటివాళ్ళకు భారత్ డైనమిక్స్ గుర్తొస్తుంది. 1970లో మొదలైన ఆ సంస్థకు ఇక్కడున్న యూనిట్‌లో యుద్ధ ట్యాంకులను కొట్టే క్షిపణులు తయారవుతాయి. కందిలో ఐఐటీ, పటాన్‌చెరులో 1972 నుంచి ఇక్రిశాట్, ఎద్దుమైలారంలో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ. ఇంత చదువు, ఇంత నైపుణ్యం ఇంత దగ్గర దగ్గరగా ఉన్న చోట్లు రాష్ట్రంలో ఎక్కువ లేవు. వీటి నడుమ రోడ్ల వార రేకుల షెడ్లు వెలిశాయి. నగరంలో, చుట్టుపక్కల కాలనీల్లో పనికిరావని తీసేసిన కంప్యూటర్లు, యూపీఎస్‌లు, ఇన్వర్టర్ బ్యాటరీలు, కంట్రోల్ ప్యానెళ్ళు, డబ్బా టీవీలు, పగిలిన ఫోన్లు అక్కడికి చేరతాయి. మా బళ్ళో చదివే పిల్లల్లో కొందరు సాయంత్రాలు, ఆదివారాలు ఆ షెడ్లలో కూర్చుంటారు. కొందరి అమ్మానాన్నలకు అదే బతుకుతెరువు.

ఒక షెడ్డులో నేను చూసింది చెబుతాను. గ్యాస్ పొయ్యి మీద మందపాటి ఇనుప రేకు. దాని మీద కంప్యూటర్ మదర్‌బోర్డు బోర్లించారు. కాసేపటికి బోర్డు అడుగున అతుకులు మెత్తబడతాయి. అప్పుడు పట్టకారుతో ఎత్తి, పక్కనున్న బండ మీద ఒక్క దెబ్బ కొడతారు. చిప్పులు, కెపాసిటర్లు, చిన్న చిన్న రాగి చుట్టలు జలజలా రాలతాయి. వాటితో పాటు వెండిలా మెరిసే బొట్లు బండ మీద పడి గట్టిపడతాయి. అదే సోల్డరింగ్ లెడ్. పాత బోర్డుల్లో వాడింది వందకు 63 పాళ్ళు తగరం, 37 పాళ్ళు సీసం. బండ చుట్టూ ముగ్గురు పిల్లలు. నల్లటి చిప్పులొక డబ్బాలో, బంగారు పూత ఉన్న అంచులొక డబ్బాలో, మెరిసే బొట్లొక డబ్బాలో ఏరుతున్నారు. వాళ్ళలో ఒకడు మా తొమ్మిదో తరగతివాడు. నన్ను చూసి సిగ్గుపడి లేచి నిలబడ్డాడు. చేతులు నిక్కరుకు తుడుచుకున్నాడు. అదే చేత్తో జేబులోంచి బిస్కెట్ తీసి, సగం విరిచి నాకిచ్చి, మిగతా సగం తాను తిన్నాడు.

సీసం లోపలికి పోయే దారి అదే. పొగ కంటే చేతి నుంచి నోటికి పోయేదే పిల్లల్లో ఎక్కువ. పెద్దవాళ్ళు మింగిన సీసంలో కొంతే ఒంటికి పడుతుంది, పిల్లలకు నాలుగైదు రెట్లు ఎక్కువగా పడుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒంట్లోకి వెళ్ళాక సీసం కాల్షియంలా నటిస్తుంది. కాల్షియం వెళ్ళే దారులన్నిటా వెళ్ళి, నరాల కణాలు ఒకదానికొకటి కబురు పంపుకునే చోట అడ్డం కూర్చుంటుంది. మిగిలింది ఎముకల్లో చేరి ఏళ్ళ తరబడి ఉంటుంది. ఆడపిల్ల పెరిగి పెద్దదై తల్లి అయ్యేటప్పుడు ఎముకల్లోంచి మళ్ళీ రక్తంలోకి వచ్చి కడుపులో బిడ్డకు చేరుతుంది. ఇంత మోతాదు వరకూ ఫరవాలేదు అని చెప్పగల హద్దు ఏదీ తెలియదు. రక్తంలో డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు కనబడితే, ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపాలన్నది ఆ సంస్థ సూచన. 2020లో యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థలు కలిసి ఇచ్చిన నివేదిక ప్రకారం ఆ గీత దాటిన పిల్లలు ప్రపంచంలో 80 కోట్ల వరకు ఉన్నారు. వాళ్ళలో 27.5 కోట్ల మంది మన దేశం పిల్లలే.

రక్తం తక్కువగా ఉన్న పిల్లలకు సీసం ఇంకా తొందరగా అంటుకుంటుంది. ఇనుము, కాల్షియం అందని పేగు సీసాన్ని కూడా ఆత్రంగా లాక్కుంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆరు నెలల నుంచి అయిదేళ్ళలోపు పిల్లల్లో 67 శాతానికి రక్తహీనత ఉందని తేలింది. ఈ రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూసినప్పటి నుంచి బడిలో మధ్యాహ్న భోజనంలో గుడ్డు వచ్చే రోజు నేను దగ్గరుండి వడ్డిస్తున్నాను.

ఈ విషయాలన్నీ చార్టు మీద రాసి గోడకు అంటించాం. సీసానికి ఎర్ర గుర్తు, పుర్రె బొమ్మ, కింద నాలుగు జాగ్రత్తలు. ఎవరూ ఆగి చదవలేదు. పిల్లల తప్పు కాదది. సీసానికి వాసన లేదు, ఆ మోతాదులో రుచి తెలియదు, కళ్ళు మండవు, వాంతి కాదు. బిస్కెట్ తిన్న పిల్లవాడు ఆ సాయంత్రం కబడ్డీ బాగానే ఆడతాడు. జరిగేదేమిటంటే ఏడాదికో రెండేళ్ళకో లెక్క పట్టుబడదు, ఒక చోట కుదురుగా కూర్చోలేడు, చిన్న మాటకే ఎగిరిపడతాడు. అప్పుడు మనం వాణ్ణి మొద్దు అంటాం, మొండి అంటాం. పుర్రె బొమ్మకీ ఆ పిల్లవాడి పరీక్ష పేపరుకీ మధ్య ఉన్న దూరాన్ని ఏ పోస్టరూ దాటించలేదు.

దాటించగలిగింది కథ ఒక్కటే అని నాకు గట్టిగా అనిపిస్తుంది. అందులోనూ చెవికి చెప్పే కథ. మనసులో జరిగే మార్పు బొమ్మకు దొరకదు. తెర మీద చూపిస్తే మనిషి ముఖం కనబడుతుంది, ముఖం మామూలుగానే ఉంటుంది. రేడియో నాటకంలో మనం ఆ మనిషి తలలోనే కూర్చుంటాం. అతడు దేన్ని మరిచిపోతున్నాడో మనకూ అదే చోట ఖాళీ వినబడుతుంది. ఇక సైన్స్ ఫిక్షన్ ఎందుకంటే, ఈ హాని ఇవాళ చేసి పదేళ్ళకు కనబడుతుంది. పదేళ్ళ తరవాతి రోజును ఇవాళే తెచ్చి ముందు పెట్టగల కథ అదొక్కటే. 1991లో సింగీతం శ్రీనివాసరావు 'ఆదిత్య 369'తో మన ప్రేక్షకులను కాలయంత్రం ఎక్కించారు. పల్లెల్లో కూడా దాన్ని ఎంత ఇష్టంగా చూశారో నాకు తెలుసు. మన జనానికి ఈ రకం కథ ఎక్కదనే మాట నేను ఒప్పుకోను.

మా తొమ్మిదో తరగతి పిల్లలు ఒక నాటకం కట్టారు. పేరు 'యాది బండి', అంటే జ్ఞాపకాల బండి. మా ఊళ్ళలో పొద్దున్నే ట్రాలీ ఆటోలు తిరుగుతాయి. వాటి మైకులో రికార్డు చేసిన గొంతు: పాత ఇనుప సామాన్లు కొంటాం, పాత ఫ్రిజ్‌లు, కూలర్లు, బ్యాటరీలు కొంటాం. నాటకంలో ఒక రాత్రి అలాంటి ఆటో ఒకటి ఊళ్ళోకి వస్తుంది. నడిపేవాడు ఉండడు. మైకు మాత్రం చెబుతూనే ఉంటుంది: "పాత ఫోన్లు కొంటాం, పాత బోర్డులు కొంటాం, పాత యాదులు కొంటాం." ఆ చివరి మాట ఒక ఆడపిల్ల సూచించింది. నేను ఒక్క అక్షరం మార్చలేదు.

కథలో చందు అని పద్నాలుగేళ్ళ పిల్లవాడు. రాత్రిపూట షెడ్డులో బోర్డులు కాలుస్తాడు. పారేసిన యంత్రాలన్నీ ఆ కుప్పలో ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం మొదలుపెడతాయి. వాటికి విద్యుత్తు ఉంది, లెక్క ఉంది, జ్ఞాపకం లేదు. దాన్ని మనుషుల దగ్గర కొంటాయి. బోర్డు కాల్చినప్పుడల్లా చందు తలలోంచి ఏదో ఒకటి బండెక్కి పోతుంది. మొదట చెరువు కట్ట దారి మరిచిపోతాడు. తరవాత చెల్లెలి పేరు నాలుక చివర ఆగుతుంది. చెల్లెలు లచ్చిమి మాత్రం గమనిస్తుంది. ఆ ఆటో వెంటబడి, తన అన్న యాదులు ఏ డబ్బాలో ఉన్నాయో వెతుక్కుంటూ పారేసిన యంత్రాల గుట్టలోకి పోతుంది. అక్కడి నుంచి సాహసం.

రికార్డింగ్ అంతా ఒక ఫోను మీద, సెలవు రోజున ఖాళీ తరగతి గదిలో చేశాం. యంత్రాల గొంతు కోసం ఒకడు ఇత్తడి బిందెలో తల పెట్టి మాట్లాడాడు. ఆ ముక్క వినిపిస్తే చిన్న తరగతుల పిల్లలు ఒకరి చేయి ఒకరు పట్టుకున్నారు. యంత్రం ఆవిరి వదిలే చప్పుడుకు ప్రెషర్ కుక్కర్. బోర్డులు రాలే చప్పుడుకు నిజంగానే బోర్డులు కొడదామని ఒకడు బయలుదేరితే ఆపి, గిన్నెలో కందిపప్పు పోయించాను. చెవికి తేడా తెలియలేదు.

ఆ నాటకంలో నన్ను కదిలించిన ఏర్పాటు ఒకటుంది, అది కూడా పిల్లలదే. ప్రతి భాగం మొదట్లో చందు పదమూడో ఎక్కం చదువుతాడు. పదమూడు ఒకట్ల పదమూడు, పదమూడు రెళ్ళ ఇరవై ఆరు, అలా పది దాకా. మొదటి భాగంలో మొత్తం చెబుతాడు. రెండో భాగంలో ఒక మెట్టు ఉండదు. ఆపడు, తడబడడు, అసలు ఆ మెట్టు ఎప్పుడూ లేనట్టే దాటిపోతాడు. మూడో భాగంలో ఇంకొకటి ఉండదు. వినేవాళ్ళకు ఈ సంగతి ఎవరూ చెప్పరు. ప్రార్థన అయ్యాక బడి మైకులో వినిపించినప్పుడు చాలామంది పట్టుకోలేదు. ఆరో తరగతి పిల్ల ఒకతి లైనులోంచే అరిచింది: "మేడం, గాయన పదమూడు ఆర్లు చెప్పలే!" ఒక్కసారిగా అందరూ నిశ్శబ్దమైపోయారు. మళ్ళీ వేయమన్నారు. రెండోసారి విన్నప్పుడు మూడొందల మంది పిల్లలు ఆ ఖాళీ కోసం చెవులు రిక్కించి నిలబడ్డారు. ఇన్నేళ్ళ పాఠాల్లో సీసం పిల్లల బుర్రకు ఏం చేస్తుందో అంత స్పష్టంగా నేను ఎప్పుడూ చెప్పలేకపోయాను.

ఆ ఆడియో పిల్లల ఇళ్ళకు వాట్సాప్‌లో వెళ్ళింది. రాత్రి డ్యూటీలో గేటు దగ్గర కూర్చునే నాన్నలు విన్నారు, కంపెనీ బస్సుల్లో పోయే అన్నలు విన్నారు. షెడ్డులో పనిచేసే ఒక తల్లి బడికి వచ్చింది. "మావోనికి గట్ల అయితదా మేడం? రక్తం పరీక్ష చేపిస్తె తెలుస్తదా?" అని అడిగింది. తెలుస్తుందని చెప్పాను. దగ్గర్లోని ఆసుపత్రిలో అడిగితే ఆ పరీక్ష తాము చేయమన్నారు. నగరంలో ఒక ప్రైవేటు ల్యాబ్ చేస్తుంది కానీ దానికయ్యే ఖర్చు ఆమెకు రెండు మూడు రోజుల కూలి. వేలాది మంది కార్మికులున్న పారిశ్రామికవాడలో, బ్యాటరీలు, బోర్డులు పిల్లల చేతుల్లో తిరిగేచోట, రక్తంలో సీసం కొలిచే ఏర్పాటు అందుబాటులో లేదంటే దాన్ని నేను సర్దుకుపోవాల్సిన చిన్న ఇబ్బందిగా చూడలేను.

మనసు మార్చే పదార్థాల కథ మా దగ్గర సీసంతో మొదలవలేదు, సీసంతో ఆగలేదు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటి పరీక్షల ఫలితాలు ప్రచురించింది. సుమారు 90 మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలం అక్కడికి వచ్చేది. శుద్ధి అయిందన్న నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా తేలింది. ఆ మందు వాడే రోగి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ. ఈ సంగతి ప్రపంచమంతా రాసింది, నక్కవాగు పేరు పరిశోధన పత్రాలకెక్కింది. అదే పట్టికలో కింద ఇంకో పేరుంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. సిటలోప్రామ్, కుంగుబాటుకు డాక్టర్లు రాసే మందు, లీటరుకు 840 మైక్రోగ్రాముల దాకా. అంటే మనిషి మనసును సరిచేయడానికి కొలిచి ఇచ్చే పదార్థం కొలతా చీటీ లేకుండా వాగులోకి పోయింది. 2013లో స్వీడన్‌లోనే ఉమియో విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆందోళన తగ్గించే ఆక్సాజెపామ్‌ను, నదుల్లో దొరికేటంత కొద్ది మోతాదులో చేపల తొట్టెలో కలిపి చూశారు. పెర్చ్ చేపలు గుంపు విడిచి ఒంటరిగా తిరిగాయి, భయం మరిచి ముందుకు దూసుకుపోయాయి, ఆత్రంగా తిన్నాయి. చేప గుణమే మారింది. ఇంతకంటే సైన్స్ ఫిక్షన్ కథ ఏ రచయిత కల్పిస్తాడు?

కల్లు సంగతి మా జిల్లాలో అందరికీ తెలుసు. ఆక్సాజెపామ్ కుటుంబానికే చెందిన అల్ప్రాజోలం మత్తు కోసం కల్లులో కలుపుతారు. అది తయారయ్యే రహస్య యూనిట్లు ఈ పారిశ్రామికవాడలోనే పట్టుబడుతుంటాయి. ఫ్యాక్టరీ నష్టాల్లో మూతపడుతుంది, రియాక్టర్లు, డ్రయ్యర్లు అక్కడే ఉండిపోతాయి, ఎవరో వాటిని రాత్రిపూట లేపుతారు. 2015లో తెలంగాణలో కల్తీ మీద దాడులు పెరిగి ఆ మత్తు ఒక్కసారిగా అందకుండా పోయినప్పుడు వందలాది మంది కూలి జనం ఆసుపత్రుల పాలయ్యారు. మూర్ఛలు, వణుకు, ఎదుటి మనిషిని గుర్తుపట్టకపోవడం. తాము తాగింది చెట్టు కల్లేనని వాళ్ళు నమ్మారు. పారేసిన యంత్రం, దాన్ని మళ్ళీ లేపిన చేయి, తనకు తెలియకుండానే మనసు మారిపోయిన మనిషి: మా పిల్లలు ఊహించి రాశామనుకున్న కథ పెద్దల ప్రపంచంలో అప్పటికే జరిగిపోయింది.

ఏలూరును కూడా మరిచిపోకూడదు. 2020 డిసెంబరు మొదటివారంలో అక్కడ జనం ఉన్నట్టుండి మూర్ఛలు వచ్చి పడిపోయారు. అయిదు వందల మందికి పైగా ఆసుపత్రుల్లో చేరారు. రక్త నమూనాల్లో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ పరీక్షల్లో తేలింది, పురుగుమందుల మీదా అనుమానం నిలిచింది. దేశంలోని పెద్ద పెద్ద సంస్థలన్నీ దిగాయి. నాలుగు వారాల్లో వార్త చల్లబడింది. మూర్ఛ వచ్చి పడితేనే మనం చూస్తున్నాం. పడకుండా నెమ్మదిగా తగ్గిపోయే పిల్లలను చూసే కన్ను మన వ్యవస్థకు ఇంకా రాలేదు.

ఇక ఆకాశవాణినే ఎందుకు అడుగుతున్నానో చెప్పాలి. మా నాన్న సనత్‌నగర్‌లో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టర్. మా ఇంట్లో హైదరాబాద్ కేంద్రం కార్మికుల కార్యక్రమం మొదలైతే ఎవరూ మాట్లాడకూడదు. అందులో చిన్నక్క, ఏకాంబరం, రాంబాబు అనే పాత్రల మాటల్లోనే నాన్న పీఎఫ్ గురించి, ఈఎస్ఐ గురించి తెలుసుకున్నాడు. యూనియన్ కరపత్రం చదవని మనిషి ఏకాంబరం చెబితే విన్నాడు. ఎందుకంటే ఏకాంబరం ఆయనలాగే మాట్లాడేవాడు, ఆయనలాగే పొరపడేవాడు, చిన్నక్క దిద్దితే ఆయనలాగే గొణుక్కునేవాడు. కార్మికుడి ఇంటి పొయ్యి దగ్గరికి వచ్చి కూర్చుని మాట్లాడిన ఆ కార్యక్రమాన్ని నడిపిన కేంద్రానికి ఈ పని కొత్త కాదు. 1991లో ఆకాశవాణి మానవ పరిణామం మీద వందకు పైగా భాగాల సైన్స్ సీరియల్‌ను భారతీయ భాషల్లో ప్రసారం చేసింది. అంత పెద్ద పని ఒకసారి చేసిన సంస్థ, ఒక పారిశ్రామికవాడ పిల్లల కోసం పదిహేను నిమిషాలు ఇవ్వలేదా?

మా జిల్లాలోనే ఇంకో పాఠం ఉంది. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు సంఘం రేడియో నడిపారు. లైసెన్సు కోసం పదేళ్ళు ఎదురుచూసి, 2008 అక్టోబరు 15న 90.4 మెగాహెర్ట్జ్ మీద గాలిలోకి వచ్చారు. జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు దళిత మహిళలు మైకు పట్టుకుని రాత్రి ఏడు నుంచి తొమ్మిది దాకా విత్తనాల గురించి, జొన్నల గురించి, పాటల గురించి తమ మాటలోనే మాట్లాడారు. పత్రికల మాట, పట్నం మాట నేర్చుకున్నాకే మైకు ముందుకు రావాలన్న అపోహ అక్కడే పోయింది. సాధించింది రైతు కూలీ ఆడవాళ్ళు. అదే జిల్లాలో ఇటువైపు, ఫ్యాక్టరీల వైపు, అలాంటి గొంతు లేదు. కమ్యూనిటీ రేడియోలు సొంతంగా వార్తలు వేయకూడదని కేంద్ర ప్రభుత్వ నిబంధన. ఏ వాగులో ఏం కలుస్తోందో వార్తగా చదివే వీలు లేదన్నమాట. నాటకానికి మాత్రం ఏ అడ్డూ లేదు.

శబ్దంతో ఇలాంటి కథలు నడుపుకోవడం మిగతా ప్రపంచానికి పాత అలవాటే. 'హిచ్‌హైకర్స్ గైడ్' 1978లో బీబీసీ రేడియోలోనే పుట్టింది, పుస్తకం తరవాత వచ్చింది. 1989లో టీవీలో ఆగిపోయిన 'డాక్టర్ హూ' కథలను బిగ్ ఫినిష్ అనే సంస్థ 1999 నుంచి శబ్దం ఒక్కదానితోనే సాగించింది. గ్రహాంతరాలు, పాడుబడ్డ అంతరిక్ష నౌకలు, మనసులను లోబరుచుకునే యంత్రాలు, అన్నీ నలుగురు నటులు ఒక గదిలో నిలబడి చేసినవే. సెట్టు ఖర్చు లేదు. ఒక సినిమా పాటకయ్యే ఖర్చులో ఏడాది నాటకాలు నడపొచ్చు.

భయపెట్టి జనాన్ని ఆగం చేస్తారేమో అనే మాట వస్తుంది. 1938లో ఆర్సన్ వెల్స్ అమెరికా రేడియోలో గ్రహాంతరవాసుల దాడి నాటకం వేస్తే దేశమంతా వీధుల్లోకి పరుగెత్తిందని ఇప్పటికీ చెబుతారు. ఆ గగ్గోలును పత్రికలు ఉన్నదానికంటే పెంచి రాశాయని తరవాతి పరిశోధకులు తేల్చారు. మా బడి మైకులో నాటకం విన్న పిల్లలెవరూ పారిపోలేదు. మధ్యాహ్నం భోజనానికి ముందు సబ్బు దగ్గర వరుస కట్టారు. తెలియని భయం మనిషిని కదలనివ్వదు, తెలిసిన ప్రమాదం చేయి కడిగిస్తుంది.

ఇంకొక అభ్యంతరం దీనికంటే బరువైనది. షెడ్డు మూయిస్తే వాళ్ళు ఏం తినాలి? ఈ ప్రశ్నను నేను తేలికగా తీసుకోను. తుక్కు ఏరే మనిషి ఈ సమాజానికి మేలు చేస్తున్నాడు. 2022లో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్ సామాను 6.2 కోట్ల టన్నులు, అందులో పద్ధతిగా సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్కకెక్కింది 22.3 శాతమే అని ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక చెప్పింది. మన దేశంలో ఆ మిగతా భారంలో పెద్ద భాగం మోస్తున్నది ఇలాంటి షెడ్లే. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వేస్ట్ నిబంధనలు తయారీదారు మీద రీసైక్లింగ్ బాధ్యత పెట్టాయి. మంచిదే. అయితే ఆ కాగితాల్లో కంపెనీ ఉంది, రిజిస్టరైన రీసైక్లర్ ఉన్నాడు, ఆన్‌లైన్ సర్టిఫికెట్ ఉంది, బండ మీద బోర్డు కొట్టే మనిషికి చోటు దాదాపు లేదు. హైదరాబాద్‌లోనే, చర్లపల్లిలో సీ-మెట్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ సర్క్యూట్ బోర్డుల నుంచి లోహాలను సురక్షితంగా తీసే పద్ధతులు రూపొందించింది. ఆ పరిజ్ఞానానికీ మా షెడ్డుకీ మధ్య ఒక్క నగరమే అడ్డం. షెడ్డువాళ్ళు బోర్డు కాల్చకుండా విడదీసి, ఏరి, కిలో లెక్కన మంచి ధరకు అమ్ముకునే కొనుగోలు కేంద్రం ఒకటి పాశమైలారం దగ్గర పెడితే ఎవరి కడుపూ మాడదు. కాల్చే పని, యాసిడ్ పని మాత్రం పొగ గొట్టం, వడపోత ఉన్న చోటికి పోవాలి. పిల్లలు మాత్రం ఆ బండ దగ్గర ఒక్క రోజు కూడా కూర్చోకూడదు. ఇందులో నాకు రాజీ లేదు.

ఐఐటీ వాళ్ళు, ఫ్యాక్టరీల వాళ్ళు సామాజిక బాధ్యత నిధులతో మా బడులకు కంప్యూటర్లు ఇస్తుంటారు. సంతోషం. వాటిలో కొన్ని అయిదారేళ్ళకు పాడవుతాయి. పాడైన రోజు వాటిని ఎవరు తీసుకెళ్ళాలో ఇచ్చే రోజే రాసి ఇవ్వమని ప్రతి ప్రధానోపాధ్యాయుడూ అడగాలి. దానికి ఒక్క కాగితం చాలు.

జిల్లా ఆరోగ్య శాఖను నేను అడిగేది: పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, భానూరు చుట్టుపక్కల బడుల్లో పిల్లల రక్తంలో సీసం కొలిచే శిబిరం ఏడాదికి ఒకసారైనా పెట్టండి. ఎత్తు, బరువు, కంటిచూపు చూస్తున్నట్టే దీన్నీ చూడండి. ఎక్కువ తేలిన పిల్లల పేర్లు బయటపెట్టొద్దు, ఇల్లు వెతికి కారణం చెప్పండి, ఇనుము, కాల్షియం అందేలా చూడండి.

ఆకాశవాణి హైదరాబాద్ కేంద్రాన్ని అడిగేది: వారానికి పదిహేను నిమిషాలు, జనం రాత్రి షిఫ్టుకు కంపెనీ బస్సెక్కే వేళకు. రాయడానికి మా మండలంలో టీచర్లున్నారు, యంత్రాల సంగతి తెలిసిన ఫిట్టర్లున్నారు, గొంతులున్న పిల్లలున్నారు. బిహార్ నుంచి, ఒడిశా నుంచి వచ్చిన కార్మికుల కోసం అదే కథను హిందీలో చదవగల వాళ్ళూ మా కాలనీల్లోనే ఉన్నారు. మాకు కావలసింది ఒక స్టూడియో, చప్పుళ్ళు అతికించడం తెలిసిన ఒక ఇంజనీరు. 'యాది బండి'లో లచ్చిమి ఇప్పుడు గుట్ట మధ్యలో ఒక పాత టీవీ ముందు ఆగింది. దానిలో వాళ్ళన్న గొంతు వినబడుతోంది, ఎక్కం చదువుతూ. తరవాతి భాగం పిల్లలు రాసి పెట్టుకున్నారు.